వాల్‌గ్రిండ్ రివ్యూ: సీ ల్యాబ్‌లో పాయింటర్లతో తంటాలు పడే పిల్లలందరికీ

సీ ప్రోగ్రాంలో మెమరీ తప్పులు పట్టుకునే టూల్ వాల్‌గ్రిండ్. ముందు దాని మార్కులు చెప్పేస్తాను, 5కి 4.5. అర మార్కు ఎందుకు తీశానో కింద రాశాను, అది కూడా తప్పకుండా చదవండి, ఎందుకంటే చాలామంది పిల్లలు బోల్తా పడేది సరిగ్గా అక్కడే.

నేను పాలకొల్లులో సాయంత్రం పూట బీటెక్ ఫస్టియర్ పిల్లలకి, డిప్లొమా పిల్లలకి సీ చెప్తాను. భీమవరం, నర్సాపురం వైపు కాలేజీల వాళ్ళు వస్తారు, చించినాడ బ్రిడ్జి దాటి రాజోలు సైడు నుంచి కూడా వస్తారు. లూపులు, ఫంక్షన్లు, అర్రేల దాకా అందరూ బాగానే లాక్కొస్తారండి, పాయింటర్లు మొదలై మాలాక్ (మెమరీలో చోటు అడిగి తీసుకునే ఫంక్షన్) అన్న మాట వినపడగానే సగం మంది వెనక బెంచీకి జరిగిపోతారు. వాళ్ళకి తెలివి లేక కాదు. తప్పు ఎక్కడ జరిగిందో చూపించేవాళ్ళు లేక. ప్రోగ్రాం రన్ చేస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని రెండు ముక్కలు వచ్చి ఆగిపోతుంది, ఏ లైనో చెప్పదు, ఎందుకో చెప్పదు, ఇంక ఆ పిల్లాడు ఏం చేస్తాడు, స్టార్లు తీసి చూస్తాడు, యాంపర్‌సాండ్‌లు పెట్టి చూస్తాడు, ఏదో ఒకటి కుదిరి అవుట్‌పుట్ వస్తే రికార్డులో రాసేసుకుంటాడు. అలా కుదిరిన ప్రోగ్రాంలో తప్పు అలాగే ఉంటుంది, కనపడదంతే.

ఆ కనపడని తప్పుని లైన్ నంబర్‌తో సహా చూపించేదే వాల్‌గ్రిండ్. మనవైపు అందరూ వాల్‌గ్రైండ్ అంటారు, ఎలా పిలిచినా పర్లేదు. జూలియన్ సివార్డ్ అనే ఆయన మొదలుపెట్టాడు, 2002లో బయటికి వచ్చింది, జీపీఎల్ లైసెన్సు, పైసా కట్టక్కర్లేదు. ఇందులో చాలా టూల్స్ ఉన్నాయి కానీ మనకి కావాల్సింది మెమ్‌చెక్ ఒక్కటే, ఏమీ చెప్పకుండా రన్ చేస్తే అదే నడుస్తుంది.

అసలు ఇది ఎందుకు కావాలో చెప్తాను. మా పిల్లలకి నేనిచ్చే ప్రోగ్రాం ఒకటుంది, రొయ్యల చెరువులది. చెరువులు ఎన్నో అడగాలి, అన్ని ఇంట్‌లకి మాలాక్‌తో చోటు తీసుకోవాలి, ఒక్కో చెరువు కౌంట్ స్కాన్ చేయాలి, చివరికి సగటు చెప్పాలి. ఇక్కడి పిల్లలకి కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అదని వేరే చెప్పక్కర్లేదు కాబట్టి లెక్క దగ్గర ఇబ్బంది ఉండదు. లూప్ దగ్గర మాత్రం ఎవరో ఒకరు ఐ లెస్‌దాన్ ఎన్ అనేదానికి లెస్‌దాన్ ఆర్ ఈక్వల్ టూ పెడతారు. 5 చెరువులకి 6 సార్లు తిరుగుతుంది, లేని ఆరో చెరువులో కూడా అంకె రాస్తుంది. మరి ప్రోగ్రాం పేలాలి కదా? పేలదు. ఎందుకంటే 5 ఇంట్‌లు అంటే 20 బైట్లు, 64 బిట్ లినక్స్‌లో గ్లిబ్‌సీ (అక్కడి సీ లైబ్రరీ) మాలాక్ మనం 20 అడిగినా లోపల వాడుకోడానికి 24 బైట్లు వచ్చేలా ముక్క కోస్తుంది, అంటే ఆ ఆరో అంకె 20 నుంచి 23 దాకా ఉన్న బైట్లలో చక్కగా పట్టేస్తుంది. ఎవరికీ ఏమీ కాదు. పిల్లాడు "సార్ నాది వర్క్ అవుతోందండి" అంటాడు. అదే ప్రోగ్రాంకి 10 చెరువులు ఇవ్వండి, 40 బైట్లు అడిగితే సరిగ్గా 40 బైట్లే వాడుకోడానికి ఉంటాయి, పదకొండో అంకె వెళ్ళి పక్క ముక్క సైజు రాసుకున్న చోట పడుతుంది, దాంతో మాలాక్ లెక్కలన్నీ తారుమారైపోతాయి. అప్పుడు కూడా పేలేది మన లూప్ దగ్గర కాదు, తర్వాతెప్పుడో ఇంకో మాలాక్ దగ్గరో, తీసుకున్న చోటు తిరిగిచ్చే ఫ్రీ దగ్గరో, ఒక్కోసారి మామూలు ప్రింట్‌ఎఫ్ దగ్గర, ఎందుకంటే ప్రింట్‌ఎఫ్ కూడా తన బఫర్ కోసం లోపల మాలాక్‌నే పిలుస్తుంది. పిల్లాడు ఆ ప్రింట్‌ఎఫ్ లైన్‌ని పట్టుకుని గంటసేపు చూస్తూ కూర్చుంటాడు, అందులో తప్పేమీ ఉండదు.

సెగ్మెంటేషన్ ఫాల్ట్ రాలేదు కాబట్టి కోడ్ కరెక్టు అనుకోవడం ఎంత ప్రమాదమో ఇక్కడ అర్థం కావాలి. ఆపరేటింగ్ సిస్టం కాపలా కాసేది 4,096 బైట్ల పేజీల లెక్కన, గ్లిబ్‌సీ మొదటి చిన్న మాలాక్‌కే మామూలుగా 132 కేబీ హీప్ (మాలాక్ ముక్కలు కోసే మెమరీ) తెచ్చి పెట్టుకుంటుంది, ఆ హీప్ లోపల మనం ఎవరి చోట్లో రాసినా సిస్టం అడగదు. ఇంక టర్బో సీ సంగతి చెప్పక్కర్లేదు, ఇప్పటికీ కొన్ని ల్యాబుల్లో పాత డాస్ ప్రోగ్రాంలు నడిపే డాస్‌బాక్స్‌లో అదే నడుస్తోంది, అది డాస్ కాలం నాటి 16 బిట్ కంపైలర్, డాస్‌లో ఒక ప్రోగ్రాం మెమరీలో ఎక్కడ రాసినా ఆపేవాడు లేడు. స్మాల్ మోడల్‌లో నల్ పాయింటర్‌లో రాస్తే ప్రోగ్రాం మొత్తం అయిపోయాక నల్ పాయింటర్ అసైన్‌మెంట్ అని ఒక లైన్ చూపిస్తుంది, అది కూడా క్లియర్ స్క్రీన్లూ గెట్ క్యారెక్టర్ల మధ్యలో ఎవరూ చూడరు. పైగా అందులో ఇంట్ 2 బైట్లు. సీనియర్ల రికార్డులు చూసి మాలాక్‌లో ఎన్ ఇంటూ 2 అని రాసేవాళ్ళు ఇప్పటికీ నాకు కనపడుతూనే ఉంటారు, లినక్స్‌లో వాడే జీసీసీ కంపైలర్‌లో ఇంట్ 4 బైట్లు కాబట్టి అక్కడ తీసుకున్నది సగం చోటే. సైజాఫ్ రాయండి నాన్నా అని చెప్పి చెప్పి అలిసిపోవడం కంటే వాల్‌గ్రిండ్‌లో ఒకసారి రన్ చేసి చూపిస్తే వెంటనే ఎక్కుతుంది.

అదే 5 చెరువుల ప్రోగ్రాం వాల్‌గ్రిండ్ కింద రన్ చేస్తే ఏమంటుందంటే, ఇన్‌వాలిడ్ రైట్ ఆఫ్ సైజ్ 4, అంటే 4 బైట్లు రాయకూడని చోట రాశావు, కింద మన ఫైల్ పేరు, లైన్ నంబర్. ఆ కింద ఇంకో ముక్క ఉంటుంది, నాకు ఈ టూల్ మొత్తంలో బాగా నచ్చింది అదే: ఈ అడ్రస్ 20 బైట్ల బ్లాక్ అయిపోయాక 0 బైట్ల దూరంలో ఉంది, ఆ బ్లాక్‌ని ఫలానా లైన్‌లో మాలాక్ చేశావు అని. 0 బైట్ల దూరం అంటే సరిహద్దు దాటిన మొదటి బైట్ అన్నమాట, అది కనపడిందంటే ఎక్కువ సార్లు లూప్ ఒక అడుగు ఎక్కువ తిరిగినట్టే. ఒకే మెసేజ్‌లో తప్పు జరిగిన లైనూ, ఆ చోటు పుట్టిన లైనూ రెండూ దొరుకుతాయి. ఇంత వివరంగా చెప్పే కాపలాదారు పక్కనుంటే పాయింటర్లంటే భయం ఎందుకండీ.

ఇదెలా చేస్తుందో టూకీగా చెప్తాను, తెలిస్తే రిపోర్ట్ చదవడం తేలికవుతుంది. వాల్‌గ్రిండ్ మన ప్రోగ్రాంని నేరుగా ప్రాసెసర్‌కి ఇవ్వదు, ఇన్‌స్ట్రక్షన్లని అప్పటికప్పుడు తిరగరాసి మధ్యలో తన చెకింగ్ కోడ్ పెట్టి నడిపిస్తుంది. అందుకే ప్రోగ్రాంని దీనికోసం మళ్ళీ ప్రత్యేకంగా కంపైల్ చేయక్కర్లేదు, లైన్ నంబర్లు రావాలంటే మాత్రం మైనస్ జీ కావాలి, అది కింద చెప్తాను. ప్రతి బైట్‌కీ రెండు విషయాలు గుర్తుపెట్టుకుంటుంది, ఒకటి ఆ బైట్‌ని ముట్టుకోవచ్చా లేదా, రెండోది అందులో ఎవరైనా విలువ పెట్టారా లేదా. మాలాక్‌ని కూడా తనదే పెట్టుకుంటుంది, ప్రతి బ్లాక్‌కీ అటూ ఇటూ మామూలుగా 16 బైట్ల ఖాళీ వదులుతుంది, అందులో కాలు పెడితే పట్టేసుకుంటుంది. మనం ఫ్రీ చేసిన బ్లాక్‌ని వెంటనే ఇంకొకరికి ఇవ్వకుండా కొంతకాలం పక్కన పెట్టి ఉంచుతుంది, ఫ్రీ చేశాక కూడా దాన్ని వాడుతున్నామేమో కనిపెట్టడానికి.

స్ట్రింగుల దగ్గర ఇంకా మంచి ఉదాహరణ ఉంది. పేరు కాపీ చేసుకోడానికి మాలాక్‌లో స్ట్రింగ్ లెంగ్త్ మాత్రమే రాసి ప్లస్ 1 మర్చిపోవడం, స్ట్రింగ్ అయిపోయిందని చెప్పే చివరి నల్ బైట్‌కి చోటు లేకపోవడం, ఇది ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. అమలాపురం అని ఇంగ్లీష్ అక్షరాల్లో రాస్తే 10 బైట్లు, నల్‌తో 11 కావాలి, మనం 10 అడిగాం కానీ లోపల 24 ఉన్నాయి కాబట్టి ఏ గొడవా లేదు. అదే అమలాపురం తెలుగులో టైప్ చేయండి. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, అ, మ, ల, దీర్ఘం, ప, కొమ్ము, ర, సున్నా, మొత్తం 8 గుర్తులు, 24 బైట్లు. అడిగింది 24, ఉన్నదీ 24, నల్ బైట్ వెళ్ళి ఇరవై అయిదో బైట్‌లో, అంటే పక్క ముక్క సైజు మీద సున్నా కొట్టేస్తుంది. ఇంగ్లీష్‌లో పేరిస్తే నడిచి తెలుగులో ఇస్తే ఆగిపోయిందనుకోండి, పిల్లాడు తెలుగు ఫాంట్ ప్రాబ్లం అనుకుంటాడు. వాల్‌గ్రిండ్ రెండిట్లోనూ ఒకే మాట చెప్తుంది, ఇన్‌వాలిడ్ రైట్ ఆఫ్ సైజ్ 1, బ్లాక్ అయిపోయాక 0 బైట్ల దూరం. ఈ ఎర్రర్‌లో సైజ్ 1 అని కనపడి, పిలిచిన ఫంక్షన్ స్ట్రింగ్ కాపీ అయితే ఆ ప్లస్ 1 కోసం వెతకండి, నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు అదే.

లింక్డ్ లిస్ట్ ఫ్రీ చేయడం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, వైవాలో కూడా అడుగుతారు కాబట్టి. మాలాక్ అంటే చేను కౌలుకి తీసుకోవడం, ఫ్రీ అంటే కౌలు వదిలేయడం. వదిలేశాక కూడా ఆ చేనుకి వెళ్ళే దారి మన కాళ్ళకి తెలుసు, అంటే పాయింటర్‌లో అడ్రస్ అలాగే ఉంటుంది, కానీ వెళ్ళి కోత కోస్తానంటే కుదరదు, ఈపాటికి ఇంకొకరు కౌలుకి తీసుకుని ఉండొచ్చు. పిల్లలు రాసే లూప్ ఇలా ఉంటుంది, ముందు పీ ని ఫ్రీ చేస్తారు, కింద లైన్‌లో పీ ఈక్వల్ టూ పీ యారో నెక్స్ట్ అంటారు. వదిలేసిన నోడ్ లోంచి నెక్స్ట్ చదువుతున్నారు. తమాషా ఏంటంటే పాత లినక్స్ సిస్టంలో ఇది చాలాసార్లు నడిచేసేది, కొత్తదాంట్లో నడవదు. ఒక ఇంట్, ఒక నెక్స్ట్ ఉన్న నోడ్ 16 బైట్లు, ఇంట్ 4, ఆ తర్వాత 4 ఖాళీ, నెక్స్ట్ 8లో మొదలవుతుంది. పాత గ్లిబ్‌సీ ఫ్రీ చేసిన చిన్న ముక్కలో మొదటి 8 బైట్లనే తన లెక్కలకి వాడుకునేది, నెక్స్ట్ చెక్కుచెదరకుండా ఉండేది. 2019లో వచ్చిన గ్లిబ్‌సీ 2.29 నుంచి, ఒకే చోటుని రెండుసార్లు ఫ్రీ చేస్తే పట్టుకోడానికి రెండో 8 బైట్లలో కూడా ఒక గుర్తు రాస్తోంది. సరిగ్గా మన నెక్స్ట్ ఉన్న చోట. కాబట్టి ల్యాబ్‌లో పాత సిస్టం మీద నడిచిన ప్రోగ్రాం ఇంట్లో కొత్త ఉబుంటులో చెత్త అడ్రస్‌కి పోతుంది, వీడు ఉబుంటుని తిడతాడు. తప్పు రెండు చోట్లా ఒకటే. వాల్‌గ్రిండ్ ఇక్కడ మూడు లైన్లు చూపిస్తుంది, తప్పుగా చదివిన లైన్, ఆ బ్లాక్‌ని ఫ్రీ చేసిన లైన్, మొదట్లో మాలాక్ చేసిన లైన్, పైగా 16 బైట్ల బ్లాక్‌లో లోపలికి 8 బైట్ల దగ్గర అని కూడా చెప్తుంది, అంటే నెక్స్ట్ అని వేలు పెట్టి చూపించినట్టే. ఫ్రీ చేసేముందు నెక్స్ట్‌ని ఇంకో వేరియబుల్‌లో దాచుకోండి, సరిపోతుంది.

ఆ 8 అనే అంకె ఇంకో చోట కూడా పనికొస్తుంది. లిస్ట్ చివరకి వచ్చాక పీ నల్ అయిపోయింది, అయినా పీ యారో నెక్స్ట్ అన్నామనుకోండి, రిపోర్ట్‌లో అడ్రస్ జీరో ఎక్స్ 8 అని వస్తుంది. సున్నా కాదు కదా, నల్ కాదేమో అనుకోకండి. సున్నా అడ్రస్‌కి 8 కలిపితే 8, నల్ పాయింటర్ ద్వారా నెక్స్ట్ ఫీల్డ్‌ని అడిగారని అర్థం. అడ్రస్ చిన్న అంకెగా కనపడితే ముందు నల్‌నే అనుమానించండి.

స్కాన్‌ఎఫ్‌లో యాంపర్‌సాండ్ మర్చిపోవడం లాంటి వాటికి అసలు వాల్‌గ్రిండ్ దాకా రానక్కర్లేదండి, జీసీసీకి మైనస్ డబ్ల్యూ ఆల్ ఇస్తే కంపైల్ చేసేటప్పుడే వార్నింగ్ ఇస్తుంది, ఫంక్షన్‌లోని లోకల్ వేరియబుల్ అడ్రస్ రిటర్న్ చేసినా మామూలుగా చెప్తుంది. దయచేసి వార్నింగ్‌లు చదవండి. ఎర్రర్ కాదు వార్నింగే కదా అని వదిలేసేవాళ్ళు ఎక్కువైపోయారు.

విలువ పెట్టకుండా వాడిన వేరియబుల్స్ సంగతి. మొత్తం అనే వేరియబుల్‌కి సున్నా పెట్టకుండా కూడుతూ పోవడం, మాలాక్‌తో తెచ్చిన చోటులో సున్నాలుంటాయని అనుకోవడం, సున్నాలు కావాలంటే కాలాక్ వాడాలి, మాలాక్ హామీ ఇవ్వదు. దీని మెసేజ్ పొడుగ్గా ఉంటుంది, కండిషనల్ జంప్ ఆర్ మూవ్ డిపెండ్స్ ఆన్ అన్‌ఇనిషియలైజ్డ్ వాల్యూ అని, చూడగానే పిల్లలు బెదిరిపోతారు. అర్థం తేలికే: విలువ పెట్టని దాన్ని బట్టి ప్రోగ్రాం ఒక నిర్ణయం తీసుకుంటోంది. ఇక్కడ ఒక చిక్కుంది, విలువ లేని దాన్ని ఊరికే కాపీ చేసుకుంటే వాల్‌గ్రిండ్ ఏమీ అనదు, దాంతో ఇఫ్ రాసినప్పుడో ప్రింట్ చేసినప్పుడో అంటుంది, అందువల్ల రిపోర్ట్ పైన ప్రింట్‌ఎఫ్ లోపలి ఫంక్షన్ల పేర్లు కనపడతాయి. కిందకి దిగుతూ వచ్చి మీ సొంత ఫైల్ పేరున్న మొదటి లైన్ చూడండి. అది కూడా చాలకపోతే మైనస్ మైనస్ ట్రాక్ మైనస్ ఆరిజిన్స్ ఈక్వల్స్ ఎస్ అని ఆప్షన్ ఇస్తే ఆ విలువ లేని చోటు ఎక్కడ పుట్టిందో చెప్తుంది, ఇంకొంచెం నెమ్మదవుతుంది, అయినా మన ల్యాబ్ ప్రోగ్రాంలకి తేడా తెలీదు.

రీఅలాక్ గురించి కూడా ఒక మాట. రీఅలాక్ ఇచ్చిన కొత్త అడ్రస్‌ని తీసుకోకుండా పాత పాయింటర్‌నే వాడేవాళ్ళున్నారు. మామూలుగా రన్ చేస్తే పక్కన ఖాళీ ఉంటే చోటు అక్కడే పెరిగిపోతుంది, తప్పు బయటపడదు. వాల్‌గ్రిండ్ సైజు పెంచమన్నప్పుడు బ్లాక్‌ని కొత్త చోటికి మారుస్తుంది కాబట్టి పాత పాయింటర్‌తో రాయగానే దొరికిపోతారు.

ఇక లీకులు. చివర్లో వచ్చే లీక్ సమ్మరీలో డెఫినిట్లీ లాస్ట్ అంటే ఆ బ్లాక్‌కి దారి చూపే పాయింటర్ ఒక్కటి కూడా మిగల్లేదని, ఇది తప్పకుండా సరిచేయాలి. ఇన్‌డైరెక్ట్‌లీ లాస్ట్ అంటే పోయిన బ్లాక్ ద్వారా మాత్రమే చేరగలిగేవి. వెయ్యి నోడ్ల లిస్ట్‌కి హెడ్ పాయింటర్ పోగొట్టుకుంటే మొదటి నోడ్ 16 బైట్లు డెఫినిట్లీలో, మిగతా 15,984 బైట్లు ఇన్‌డైరెక్ట్‌లీలో చూపిస్తుంది, కంగారుపడి 15,984 వెంట పరిగెత్తకండి, మొదటి 16 సంగతి చూసుకుంటే రెండోది దానంతటదే పోతుంది. స్టిల్ రీచబుల్ అంటే ప్రోగ్రాం అయిపోయేటప్పటికి పాయింటర్ చేతిలోనే ఉంది కానీ ఫ్రీ చేయలేదని, ఇది అంత ప్రమాదం కాదు, నేర్చుకునేటప్పుడు మాత్రం అది కూడా సున్నా చేసే అలవాటు పెట్టుకోండి. ఇంకో డౌట్ అందరూ అడుగుతారు, "ఒక్కసారే కదండీ మాలాక్ చేశాను, 2 అలాక్స్ అని చూపిస్తోందేంటి, 40 బైట్లు అడిగితే 1,064 అంటుందేంటి" అని. ఆ రెండోది ప్రింట్‌ఎఫ్ స్క్రీన్‌కి రాయడానికి పెట్టుకున్న 1,024 బైట్ల బఫర్. మీది కాదు, మీరు ఫ్రీ చేయక్కర్లేదు.

వేసుకోవడం ఎలా అంటే, ఉబుంటు ఉంటే సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ వాల్‌గ్రిండ్, అంతే. విండోస్ 10 గానీ 11 గానీ ఉన్నవాళ్ళు పవర్‌షెల్‌ని అడ్మిన్‌గా తెరిచి డబ్ల్యూఎస్ఎల్ మైనస్ మైనస్ ఇన్‌స్టాల్ కొడితే విండోస్ లోపలే ఉబుంటు వస్తుంది, డౌన్‌లోడ్ పెద్దదే, ఫోన్ హాట్‌స్పాట్ మీద డేటా చూసుకుని పెట్టుకోండి, కరెంటు పోయే టైంలో మొదలుపెట్టకండి. తర్వాత జీసీసీ మైనస్ జీ తో కంపైల్ చేయాలి. ఈ మైనస్ జీ మర్చిపోతే తప్పు ఉందని చెప్తుంది కానీ లైన్ నంబర్ రాదు, సగం ఉపయోగం పోయినట్టే. రన్ చేసేటప్పుడు వాల్‌గ్రిండ్, మైనస్ మైనస్ లీక్ మైనస్ చెక్ ఈక్వల్స్ ఫుల్, ఆ తర్వాత మన ప్రోగ్రాం పేరు. రిపోర్ట్‌లో నలభై ఎర్రర్లు వచ్చినా మొదటిదే చదవండి, అది సరిచేసి మళ్ళీ రన్ చేయండి, కింద ఉన్నవి చాలావరకు మొదటిదాని పిల్లలే అయ్యుంటాయి. వాల్‌గ్రిండ్ వాళ్ళ క్విక్ స్టార్ట్ గైడ్‌లో కూడా వచ్చిన వరసలోనే సరిచేయమంటారు.

జీడీబీ అనే డీబగ్గర్ ఉండగా ఇదెందుకు అని కొంచెం తెలిసినవాళ్ళు అడుగుతారు. జీడీబీలో బ్యాక్‌ట్రేస్ కొడితే ప్రోగ్రాం ఎక్కడ పడిపోయిందో చూపిస్తుంది, అది మంచిదే, నేనూ చెప్తాను. కానీ పైన చెరువుల ప్రోగ్రాంలో చూశారు కదా, పడిపోయిన చోటు వేరు, కాలు జారిన చోటు వేరు. ఫస్టియర్ పిల్లలకి కాలు జారిన చోటు కావాలి.

ఇప్పుడు అర మార్కు. వాల్‌గ్రిండ్ మెమ్‌చెక్ మాలాక్‌తో తెచ్చుకున్న చోటు సరిహద్దులే చూస్తుంది. ఇంట్ ఏ ఆఫ్ 5 అని మెయిన్‌లో మామూలు అర్రే (దీన్నే స్టాక్ అర్రే అంటారు) పెట్టి ఆరో దాంట్లో రాస్తే పట్టుకోదు, గ్లోబల్ అర్రే అయినా అంతే. మరి ఫస్టియర్‌లో ఎక్కువ రాసేవి అవే కదండీ! ఎర్రర్ సమ్మరీ 0 అని రాగానే పిల్లలు చేతులు దులిపేసుకుంటారు, ఆ సున్నా అన్నిటికీ వర్తించదు. అలాగే మీరిచ్చిన ఇన్‌పుట్‌కి నడిచిన లైన్లనే చూస్తుంది, నడవని లైన్లో ఏముందో దానికి తెలీదు, కాబట్టి ఖాళీ లిస్ట్‌తో, ఒకే నోడ్‌తో, చివరి నోడ్‌ని డిలీట్ చేస్తూ విడివిడిగా రన్ చేయండి. 10 నుంచి 30 రెట్లు నెమ్మదవుతుంది, అది మన సైజు ప్రోగ్రాంలకి లెక్కలోకి రాదు కాబట్టి దానికి మార్కులు తియ్యలేదు. మెసేజ్‌లు మాత్రం కష్టం, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకి ఎవరైనా పక్కన కూర్చుని మొదటి నాలుగైదు రిపోర్టులు చదివించాలి, తర్వాత వాళ్ళే చదివేస్తారు, నేను చూస్తూనే ఉన్నాను.

ఆ స్టాక్ అర్రేల లోటుకి మందుంది, అడ్రస్ శానిటైజర్. గూగుల్ వాళ్ళు తయారుచేశారు, జీసీసీలో 4.8 నుంచి ఉంది, క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌లో కూడా ఉంది, వేరే ఇన్‌స్టాల్ ఏమీ లేదు, కంపైల్ చేసేటప్పుడు మైనస్ ఎఫ్ శానిటైజ్ ఈక్వల్స్ అడ్రస్ అని ఇవ్వడమే. స్టాక్ అర్రే, గ్లోబల్ అర్రే, మాలాక్ బ్లాక్ మూడిట్లోనూ సరిహద్దు దాటితే పట్టుకుంటుంది, స్టాక్, గ్లోబల్ అర్రేలైతే ఏ వేరియబుల్ దాటిందో పేరుతో సహా చెప్తుంది, స్పీడ్ సుమారు రెండు రెట్లు తగ్గుతుంది అంతే. మొదటి తప్పు దగ్గరే ప్రోగ్రాం ఆపేస్తుంది, పిల్లలకి అదే మంచిదని నా అభిప్రాయం, ఒక్కసారి ఒక్కటే చూడాలి కాబట్టి. అయితే విలువ పెట్టని వేరియబుల్స్‌ని ఇది పట్టుకోదు, దానికి వాల్‌గ్రిండే కావాలి. అందుకని నా దగ్గర పిల్లలు రోజూ రాసేటప్పుడు శానిటైజర్‌తో కంపైల్ చేస్తారు, రికార్డులో రాసేముందు అది తీసేసి మైనస్ జీ తో మళ్ళీ కంపైల్ చేసి వాల్‌గ్రిండ్‌లో ఒకసారి నడుపుతారు. తీసేసి అన్నది గుర్తుంచుకోండి, శానిటైజర్ పెట్టి కంపైల్ చేసిన ఫైల్‌ని వాల్‌గ్రిండ్ కింద నడపడం కుదరదు, రెండూ మెమరీని తమ పద్ధతిలో సర్దుకుంటాయి, ఒకదానికొకటి అడ్డం.

ల్యాబ్‌లు చూసుకునే మాస్టార్లకి ఒక విన్నపం. పాయింటర్ల యూనిట్ మొదలయ్యే వారానికి ల్యాబ్ సిస్టంలలో ఈ రెండూ పనిచేసేలా చూడండి, అవుట్‌పుట్‌తో పాటు వాల్‌గ్రిండ్ రిపోర్ట్‌లో చివరి లైన్ కూడా రికార్డులో రాయించండి. కొత్త ఎం సిరీస్ మాక్ ఉన్న పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్ళని వాల్‌గ్రిండ్‌తో కుస్తీ పట్టనివ్వకండి, క్లాంగ్‌లో ఉన్న శానిటైజర్‌తోనే మొదలుపెట్టించి, విలువ పెట్టని వేరియబుల్స్ చెకింగ్ మాత్రం ల్యాబ్ సిస్టంలో చేయించండి.